బొంత మీద గీతలు

2010 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాను మంచు ముంచెత్తింది. ఆ మంచులోనే, ఒక శనివారం మధ్యాహ్నం, న్యూజెర్సీ నుంచి బయలుదేరి ఫిలడెల్ఫియా కళా మ్యూజియం వారి పెరెల్‌మన్ భవనానికి వెళ్ళాము. అక్కడ బెంగాలు కాంథాల ప్రదర్శన జరుగుతోందని ఒక బెంగాలీ స్నేహితురాలు చెప్పింది. కాంథా అంటే ఏమిటో నాకు తెలుసుననే అనుకున్నాను. హైదరాబాదు దుకాణాల్లో "కాంతా వర్క్" చీరలు చూసినదాన్నే కదా! టస్సరు చీర మీద వరసగా చిన్న చిన్న కుట్లు, చేపలు, ఆకులు, నెమళ్ళు. అదే కాస్త పెద్ద గుడ్డ మీద ఉంటుంది కాబోలుననుకుంటూ లోపలికి నడిచాను.

గాజు పలక వెనక ఉన్నది వేరే వస్తువు. మధ్యలో ఎర్రటి, నీలపు దారాలతో ఒక పద్మం. నాలుగు మూలలా నాలుగు చెట్లు. వాటి నడుమ ఏనుగులు, గుర్రాలు, రథం, దువ్వెన, జాంతి. ఇవన్నీ ఊహించినవే. ఊహించనిది వాటి మధ్యనున్న ఖాళీ తెల్లబట్ట. అది ఖాళీగా లేదు. పద్మం రేకుల చుట్టూ రేకుల ఆకారంలోనే, ఏనుగు చుట్టూ ఏనుగు ఆకారంలోనే, తెల్లదారంతో తెల్లబట్ట మీద వరస వెనక వరసగా కుట్లు తిరుగుతున్నాయి. చెరువులో రాయి వేసినప్పుడు లేచే అలల్లాగా, ఒక బొమ్మ నుంచి లేచిన అలలు పక్క బొమ్మ నుంచి లేచిన అలలను తాకి ఆగిపోతున్నాయి. బట్టంతా సన్నసన్నగా ముడతలు పడి ఉంది. దీపపు వెలుగు ఆ ముడతల మీద పడి జారుతోంది.

చెయ్యి పెట్టి తడిమి చూడాలన్న కోరికను అణచుకోవడం కష్టమైంది. కాపలా ఆవిడ నా వైపే చూస్తోంది. మావారు గడియారం చూసుకుంటున్నారు. నేనేమో గాజుకు ముక్కు ఆనించి ఆ కుట్టు ఏమిటా అని వెదుకుతున్నాను. వెదికి వెదికి కనుక్కున్నదేమిటంటే, అది మా అమ్మమ్మ బొంతకు వేసిన కుట్టే. సూది దించడం, కొంచెం దూరం పోయి పైకి తీయడం, మళ్ళీ దించడం. దర్జీవాళ్ళు బట్ట కదలకుండా తాత్కాలికంగా వేసి తరవాత పీకి పారేసే టాకాకూ దీనికీ తేడా పొడవులోనే. కుట్లన్నిటిలోకీ పేదది. స్కూల్లో కుట్టుపని క్లాసులో మొదటి రోజు నేర్పి, రెండో రోజు మరిచిపోయేది. ఆ ఒక్క కుట్టుతోనే ఆ నీళ్ళు, ఆ ఏనుగులు, ఆ పద్మం!

ఆ రోజు నుంచి ఈ కుట్టు నన్ను వదలలేదు. చదివినవీ, చూసినవీ, నా చేత్తో ప్రయత్నించి పాడుచేసినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాట సంగతి. బెంగాలీలో కాంథా అనేది సంస్కృతంలోని కంథ. మన నిఘంటువుల్లోనూ ఉన్నదే, అర్థం బొంత. సన్యాసులూ బిచ్చగాళ్ళూ కప్పుకునే అతుకుల బట్ట. ఆ ఒత్తు తీసేస్తే మన "కంత" అవుతుంది, అంటే చిల్లు. రెండు మాటలకూ చుట్టరికం లేదు గానీ, కంతలు పడ్డ గుడ్డలతోనే కంథ తయారవుతుంది కనుక, ఈ పొరపాటు చేసినా పెద్ద తప్పేమీ కాదు.

పాతబట్ట వాడటం కాంథాలో అలంకారం కాదు, ప్రాణం. బెంగాలు ఆడవాళ్ళు కట్టిన చీరలు ఎక్కువగా తెల్లనివి, రంగు అంచువి. కట్టి, ఉతికి, నీరెండకు ఆరేసి, ఏళ్ళు గడిచాక ఆ నూలు వెన్నలాగా మెత్తబడుతుంది. అలాంటి చీరలూ ధోవతులూ పలచటి వాటికి మూడో నాలుగో పొరలుగా, చలికాలపు దుప్పటికి ఇంకా ఎక్కువగా, నేల మీద పరిచి, ముడతలు లేకుండా సాగదీసి, అంచులు మడిచి కుడతారు. ఇక దారమో? అదీ చీరలోదే. అంచులోని ఎర్ర, నీలం, నల్ల పోగులను ఒక్కొక్కటిగా ఊడదీసి, రెండు మూడు కలిపి సూదికి ఎక్కిస్తారు. పాత కాంథాల్లో ఆ రెండు మూడు రంగులే మళ్ళీ మళ్ళీ కనిపించడానికి కారణం ఇదే. ఎంపిక చేసుకున్న రంగులు కావవి, దొరికిన రంగులు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి బజారు దారం చేరి, పసుపుపచ్చ, ఆకుపచ్చ కూడా తోడయ్యాయి.

వీటికి వాడుకను బట్టి పేర్లు. చలికి కప్పుకునేది లేప్. పెద్దవాళ్ళు, అతిథులు వస్తే పరిచేది సుజని. పుస్తకాలూ విలువైన వస్తువులూ చుట్టిపెట్టేది బైటన్. అద్దమూ దువ్వెనా చుట్టేది ఆర్షిలత. చిన్న చదరాలకు రుమాలు, తలగడకు వేసేది ఓడ్. ఇంట్లోవాళ్ళ కోసం, ఇంట్లోనే, పనులు తెమిలాక దొరికిన సమయంలో కుట్టినవి. ఒక్కటి పూర్తి కావడానికి నెలలు, కొన్నిటికి ఏళ్ళు. అమ్మ మొదలుపెట్టినది కూతురు ముగించినవీ ఉన్నాయి. ఈనాడు మిగిలినవాటిలో అత్యధికం పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఇటువే. అసలే చిరుగుబట్ట, ఆపై రోజూ వాడకం, ఆపై బెంగాలు తేమ. అంతకు ముందువి మిగలకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు కుట్టు దగ్గరికి వస్తాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిక పట్టండి.

రన్నింగ్ కుట్టు నిజానికి గీత కాదు, గీత తాలూకు జ్ఞాపకం. సగం పైన కనిపిస్తుంది, సగం అడుగున దాక్కుంటుంది. కన్ను ఆ తెగిన ముక్కలను కలిపి గీతగా చదువుకుంటుంది. పైన కనిపించేదీ అడుగున దాగేదీ సమాన పొడవుంటే, బట్ట రెండు వైపులా ఒకేలా ఉంటుంది. బెంగాలీలు దొరూఖా అనే రెండు ముఖాల కాంథా రహస్యం ఇంతే. పైన అతి చిన్నగా, అడుగున పొడుగ్గా తీస్తే గీత చుక్కలవుతుంది. పైన పొడుగ్గా, అడుగున ఒక్క పోగు మాత్రమే పట్టి తీస్తే రంగు దట్టంగా పరుచుకుని, బట్ట కనపడకుండా పోతుంది. ఏనుగు ఒళ్ళు నింపాలంటే ఇలా.

ఇదంతా ఒక్క వరసలో జరిగే ఆట. అసలు ఆట రెండో వరసతో మొదలవుతుంది. మొదటి వరస కుట్ల కింద సరిగ్గా అవే స్థానాల్లో రెండో వరస కుట్లు వేసి, మూడోదీ అలాగే వేస్తూ పోతే, కుట్లన్నీ నిలువుగా బారులు తీరి, బట్ట నాగేటి చాళ్ళలాగా లేస్తుంది. అలా కాక, ఇటుకల గోడలాగా సగం జరిపి వేస్తే చాపనేత వస్తుంది. బెంగాలీలో దాని పేరు కూడా చాటాయీ, అంటే చాపే. సగం కాకుండా ప్రతి వరసనూ ఒక్క పిసరు మాత్రమే పక్కకు జరుపుతూ పోతే, ఏ ఒక్క కుట్టూ ఏటవాలుగా వెయ్యకుండానే ఏటవాలు గీతలు పుట్టుకొస్తాయి. ఈ మూడోది నేను మొదటిసారి కుట్టి చూసినప్పుడు నిజంగా ఉలిక్కిపడ్డాను. నేను అడ్డంగా కుడుతున్నాను, బట్ట మీద వాలుగా గీత నడుస్తోంది! పక్కవాడి స్థానాన్ని బట్టి నీ నడక మారిపోవడం అంటే ఇదేననుకున్నాను.

రాజ్‌షాహీ ప్రాంతపు లహరీ కాంథాలో బొమ్మలే ఉండవు. అల మాత్రమే. దగ్గర దగ్గరగా వరసలు, కొన్నిట్లో తిన్నగా, కొన్నిట్లో త్రికోణాలుగా, కొన్నిట్లో బర్ఫీ ముక్కల్లాగా. త్రికోణాలకు వాళ్ళు పెట్టిన పేరు పావురాల గూడు. మరోవైపు పాడ్‌తోలా అనే రకంలో చీర అంచుల నేతనే సూదితో అనుకరిస్తారు. చూస్తే నేసిన అంచు తెచ్చి అతికించారని అనుకుంటాం. అంచులోంచి ఊడదీసిన పోగుతో మళ్ళీ అంచునే కుట్టడం! ఆ మొదటి అమ్మ ఎవరో గానీ, ఆవిడకు కొంటెతనం పాలు కొంచెం ఎక్కువే.

మ్యూజియం నుంచి వచ్చిన వారానికి నేనూ సూది పట్టాను. జానెడేసి చదరాలు మూడు. ఒకటి అమ్మ ఇచ్చిన పాత వెంకటగిరి చీర ముక్క, మూడు పొరలు. ఒకటి ఇక్కడి దుకాణంలో కొన్న కొత్త నూలుబట్ట, మూడు పొరలు. మూడోది అదే కొత్త బట్ట, ఒకే పొర. మూడింటి మీదా ఒకే దారం, ఒకే సూది, ఒకే వలయాలు. మూడు వారాలు పట్టింది (మొదటి చదరంలో మొదటి నాలుగు వలయాల మీద దయచేసి ఎవరూ వ్యాఖ్యానించకండి).

ఒకే పొర మీద గీత చక్కగా వచ్చింది. గీతగా మాత్రమే వచ్చింది. దారం కాస్త బిగించి లాగితే బట్ట కుచ్చులు పడి అసహ్యంగా తయారైంది, వదిలితే చదునుగా పడుకుంది. కొత్తబట్ట మూడు పొరల మీద సూది మొరాయించింది. బట్ట పట్టుదలగా బల్లపరుపుగా నిలబడింది. పాత చీర మూడు పొరల మీద మాత్రం, రెండో వలయం పూర్తి కాకముందే, వరసకూ వరసకూ మధ్య బట్ట ఉబికి లేచింది. దారం ప్రతి కుట్టు దగ్గరా మూడు పొరలనూ కిందికి నొక్కుతుంది. నొక్కినచోట గాడి, నొక్కనిచోట గట్టు. మెత్తబడ్డ బట్ట గనుక ఆ గట్టు గుండ్రంగా, వంపు తిరిగి లేస్తుంది. ఉతికి ఆరేశాక ఇంకా లేచింది.

అప్పుడు అర్థమైంది, గాజు వెనక నన్ను నిలబెట్టిన నీళ్ళు కుట్టులో లేవు. గీత దారానిది, అల పాతబట్టది. ఎవరో ఇరవై ఏళ్ళు కట్టి, బండకు బాది ఉతికి, అరగదీసిన తరవాత గానీ ఆ అల పుట్టదు.

ఇది ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, బెంగాలుకు ఇంకో గొప్ప కుట్టుపని చరిత్ర కూడా ఉంది. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో పోర్చుగీసు వర్తకులు హుగ్లీ ప్రాంతపు సాత్‌గావ్ నుంచి పెద్ద పెద్ద పరుపుదుప్పట్లు ఐరోపాకు తీసుకుపోయారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, లిస్బన్‌లోనూ ఇప్పటికీ ఉన్నాయి. తెల్ల నూలుబట్ట మీద తేనెరంగు టస్సరు పట్టుదారంతో వేటగాళ్ళు, ఓడలు, బైబిలు కథలు, గ్రీకు కథలు. వాటి పనితనం ముందు కాంథాలు పల్లెటూరి పిల్లల్లా కనిపిస్తాయి. కానీ ఆ దుప్పట్లలో కుట్టు ఎక్కువగా గొలుసుకుట్టు, వెనక్కి తీసే బఖియా కుట్టు. రెండూ తెగని గీతలు. కలం గీసినట్టు సాగుతాయి. గిరాకీ కోసం, కొత్తబట్ట మీద, చేయి తిరిగిన పనివాళ్ళు కుట్టినవి. వాటినీ కాంథాలనూ ఒకే వంశవృక్షంలో తాతా మనవరాళ్ళుగా చూపించడం నాకు మింగుడు పడదు. ఊరు ఒకటే కావచ్చు, బొమ్మలు కొన్ని అటూ ఇటూ వెళ్ళి ఉండవచ్చు. తెగని గీతను నమ్ముకున్న చేయి వేరు, తెగిన గీతతో పని గడుపుకున్న చేయి వేరు.

తెగిన గీతతో ఏమేమి చెప్పవచ్చో చూడాలంటే మానదాసుందరీ దాసి కాంథా చూడాలి. కలకత్తా శివార్లలో, జోకాలో ఉన్న గురుసదయ్ మ్యూజియం సేకరణలోది. నేను ఫొటోల్లోనే చూశాను. పంతొమ్మిదో శతాబ్దపు సుజని. అందులో తుపాకులు పట్టిన సిపాయిలున్నారు. దొరలున్నారు. ఆ కాలపు బెంగాలు తన గుమ్మంలోంచి ఒక గృహిణికి ఎలా కనిపించిందో అంతా ఉంది. వాటితోపాటు అక్షరాలున్నాయి. తాను దీన్ని తన తండ్రి కోసం కుట్టానని, పేరుతో సహా, ఆమె సూదితో రాసుకుంది.

అక్షరాలు కుట్టిన కాంథాలు ఇంకా ఉన్నాయి. కొన్నిట్లో బొమ్మ కింద బొమ్మ పేరు. కొన్నిట్లో అల్లుడికో, కొడుక్కో దీవెన. కొన్నిట్లో అక్షరాలు తారుమారై, ఒత్తులు ఎగిరిపోయి ఉంటాయి. బెంగాలులో ఆడపిల్లలు బడికి వెళ్ళడం ఇంకా వింతగా ఉన్న కాలమది. కలం పట్టుకునే అవకాశం లేని చేతులు సూదితో రాశాయి అని నేను అంటే కవిత్వం చెబుతున్నాననుకుంటారేమో. కాదు. అక్షరం కూడా గీతే కనుక, గీత మీద అధికారం వచ్చిన చేయి అక్షరం దాకా వెళ్ళడం సహజం. చూసి దించిన అక్షరమైనా సరే, కింద తన పేరున్న అక్షరం.

ఈ గుడ్డలను మ్యూజియం దాకా చేర్చినవారిలో ఇద్దరి గురించి చెప్పాలి. గురుసదయ్ దత్ 1882లో సిల్హెట్ ప్రాంతంలో పుట్టిన ఐ.సి.ఎస్. అధికారి. జిల్లాలు తిరుగుతూ పటాలు, బొమ్మలు, మట్టిపలకలు, కాంథాలు సేకరించాడు. ఆయన భార్య సరోజ్ నళినీ దత్ ఊరూరా మహిళా సమితులు పెట్టిన మనిషి, 1925లో చనిపోయింది. దత్ 1941లో పోయాడు. ఆయన సేకరణతో జోకా మ్యూజియం 1963లో తెరిచారు.

రెండోవారు స్టెల్లా క్రామ్‌రిష్. 1896లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో పుట్టి, ఠాగూరు పిలుపు మీద శాంతినికేతనానికి వచ్చి, కలకత్తా విశ్వవిద్యాలయంలో పాతికేళ్ళకు పైగా భారతీయ కళ బోధించింది. 1939లో కాంథా మీద వ్యాసం రాసింది. 1950లో అమెరికా చేరి, ఫిలడెల్ఫియా మ్యూజియంలో భారతీయ కళావిభాగం చూసింది. 1968లో అక్కడ "అన్‌నోన్ ఇండియా" ప్రదర్శన పెట్టింది. 1993లో మరణించేదాకా తన దగ్గరున్న కాంథాలను ఆ మ్యూజియానికే వదిలింది. ఆ మంచు మధ్యాహ్నం నేను ముక్కు ఆనించిన గాజు వెనక ఉన్నవాటిలో ఆమెవీ ఉన్నాయి.

చినిగినదాన్ని ముక్కముక్కగా చేర్చి సంపూర్ణం చేయడం అనే భావం క్రామ్‌రిష్ రాతలో ముఖ్యం. బుద్ధుడి అతుకుల వస్త్రం దాకా ఆమె ఆలోచన వెళుతుంది. ఆ ఎత్తు నాకు నచ్చుతుంది, కొంచెం భయమూ వేస్తుంది. డిసెంబరు రాత్రి పిల్లవాడికి కప్పడానికి ఏదో ఒకటి కావాలన్న తల్లి తొందర ఆ ఎత్తు నుంచి సరిగా కనిపించదు.

1929లో జసీముద్దీన్ "నక్షీ కాంథార్ మాఠ్" అనే కథాకావ్యం వచ్చింది. రూపాయి అనే పల్లె యువకుడు, సాజు అనే అమ్మాయి. కొట్లాట వల్ల అతను ఊరు విడిచి పారిపోవలసి వస్తుంది. ఆమె తమ కథంతా ఒక కాంథా మీద కుట్టి, తాను చనిపోయాక సమాధి మీద దాన్ని పరచమంటుంది. పదేళ్ళకు ఇంగ్లీషులోకి కూడా వెళ్ళింది. "నక్షీ కాంథా" అనే పేరు జనం నోళ్ళలో స్థిరపడింది ఈ కావ్యం తరవాతే. కావ్యం వల్ల వచ్చిన మేలు పెద్దది. చిన్న ఇబ్బంది ఏమిటంటే, అప్పటి నుంచి ప్రతి కాంథాలోనూ కన్నీటి కథ వెదకడం మొదలైంది. నేను చూసినవాటిలో మాత్రం చేపలు, దువ్వెనలు, అల్లరి గుర్రాలు ఎక్కువ.

ఇక్కడ కాస్త పక్కదారి. ఆ దశకాల్లోనే ఇంగ్లండులో కుట్టుపనివాళ్ళు ఒక తిరుగుబాటు చేశారు. అచ్చు నమూనాల మీద పొల్లుపోకుండా కుట్టడం చాలునని, కుట్టును గీతగా, తలాన్ని గరుకుగా, నునుపుగా మార్చే సాధనంగా చూడమని రెబెక్కా క్రాంప్టన్ బోధించింది. ఆమె పుస్తకం "మోడర్న్ డిజైన్ ఇన్ ఎంబ్రాయిడరీ" 1936లో వచ్చింది. 1947 నుంచి లండన్ గోల్డ్‌స్మిత్స్ కళాశాలలో కాన్‌స్టన్స్ హవర్డ్ ఆ దారిని పాఠ్యాంశంగా మార్చింది. ఒకే కుట్టు తీసుకుని పొడవు మార్చు, ఎడం మార్చు, బిగువు మార్చు, ఏమవుతుందో చూడు అన్నది ఆ దారిలో నడిచే విద్యార్థులకు తొలి అభ్యాసం. చదివి నవ్వుకున్నాను, వెక్కిరింతగా కాదు. వారి పుస్తకాల మీద నాకు గౌరవం. నా మూడు చదరాల ఆలోచన వాళ్ళదే. అయితే రాజ్‌షాహీ అమ్మలు చేసింది కూడా ప్రయోగమే. వారిని "సంప్రదాయం" అనే అరలో పెట్టి, వీరిని "ప్రయోగం" అనే అరలో పెట్టే అలవాటు మీద మాత్రం నాకు ఫిర్యాదు ఉంది.

ఇక క్షీణత, పునరుద్ధరణల కథ. మిల్లు దుప్పట్లు వచ్చాయి. 1947లో బెంగాలు రెండుగా చీలి, లక్షల కుటుంబాలు మూటలతో సరిహద్దు దాటాయి. కాంథాలు కుట్టే తీరిక, పాతబట్ట దాచే పెట్టె, నేర్పే అత్తగారు, అన్నీ ఒకేచోట ఉండే ఇళ్ళు తగ్గాయి. ఒకవైపు ఠాగూరు కోడలు ప్రతిమాదేవి వంటివారు అంతకు ముందే శాంతినికేతన పరిసరాల్లో కాంథా కుట్టును కొత్త వస్తువుల మీదకు తెచ్చారు. మరోవైపు, 1971 యుద్ధం తరవాత బంగ్లాదేశ్‌లో దిక్కులేని ఆడవాళ్ళకు జీవనోపాధిగా దాన్ని మళ్ళీ లేపారు. 1978లో ఢాకాలో ఆడంగ్ దుకాణం మొదలయ్యాక, జమాల్‌పూర్ వంటి చోట్ల వేల చేతులకు పని దొరికింది. కలకత్తాలో పుట్టి ఢాకాలో స్థిరపడిన సురయ్యా రహమాన్ అనే చిత్రకారిణి, పేద స్త్రీల చేత సన్నటి కుట్లతో పెద్ద పెద్ద చిత్రపటాలే కుట్టించింది. ఆమె 2018లో చనిపోయింది. పశ్చిమ బెంగాలు నక్షీ కాంథాకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ మలుపులో ఒక మార్పు జరిగింది. దాన్ని గురించి ఎక్కువమంది మాట్లాడగా నేను వినలేదు. అమ్మకానికి కుట్టేటప్పుడు పాతబట్ట కుదరదు. ఎవరో కట్టి విడిచిన చీర డబ్బిచ్చి ఎవరు కొంటారు? కొత్త టస్సరు, కొత్త నూలు, ఒకే పొర. నమూనాను పలచటి కాగితం మీద గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన రంగుపొడితో రుద్దితే బట్ట మీదకు గీత దిగుతుంది. కుట్టే ఆమె ఆ గీత వెంట వెళుతుంది. కుట్టు అదే, ఇంకా సన్నగా, ఇంకా సమంగా కూడా. కానీ ఒకే పొర కనుక అల లేవదు. లేస్తే అది లోపం, కొనేవాళ్ళు ముడత అంటారు. గీత బతికి బయటపడింది, అల మునిగిపోయింది. హైదరాబాదు దుకాణంలో నేను చూసిన "కాంతా వర్క్" ఇదే.

అలాగని ఆ చీరలను తక్కువ చేయను. నా దగ్గర రెండున్నాయి. ఒక చీర నిండా కుట్టడానికి నెలలు పడుతుంది, ఆ నెలలకు ఎవరి ఇంటిలోనో పొయ్యి వెలుగుతుంది. పాతబట్ట అల కోసం ఆ పొయ్యి ఆర్పమని అడిగే హక్కు నాకు లేదు. అయినా రెండూ ఒకటే వస్తువన్నట్టు అమ్మేవాళ్ళు చెబుతుంటే మాత్రం గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఇప్పుడు మా బొంత.

అమ్మమ్మది తెనాలి దగ్గర ఒక పల్లె. ఆమె కుట్టిన బొంత ఒకటి అమ్మ ద్వారా నా దగ్గరికి వచ్చింది. తాతయ్య పంచెలు లోపల, చీరలు పైన. దబ్బనంతో, బజారులో దొరికే మోటు తెల్లదారంతో కుట్టింది. కళాఖండం కాదు. బొమ్మలేమీ లేవు. పొడుగాటి అడ్డకుట్లు, అక్కడక్కడా వంకర. ప్రదర్శన నుంచి వచ్చాక దాన్ని బయటికి తీసి మంచం మీద పరిచి చూస్తే, ఒక మూల, పావలా బిళ్ళ కన్నా కాస్త పెద్ద అతుకు చుట్టూ, కుట్లు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. ఏడు వలయాలు. ఒకదాని చుట్టూ ఒకటి. అక్కడ బట్ట అలలాగా లేచి ఉంది! నేను పొంగిపోయి అమ్మకు ఫోను చేశాను. "అమ్మా, అమ్మమ్మ కూడా పద్మం కుట్టింది తెలుసా?"

అమ్మ కాసేపు గుర్తు తెచ్చుకుంది. "పద్మమా, పాడా! నువ్వు పుట్టినప్పుడు బాలింతగదిలో కుంపటి నిప్పురవ్వ పడి కాలిందే అక్కడ. చిల్లు పెద్దది కాకుండా చుట్టూ బిగించింది మీ అమ్మమ్మ."

కాలిన చిల్లు పాకకుండా గీతతో కట్టేయడం. బలం కోసం తిప్పిన వలయాలే ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి కంటికి, నీళ్ళలాగా కనిపించి, బెంగాలులో పద్మం చుట్టూ చేరి ఉంటాయన్నది అప్పటి నుంచి నా ఊహ. ఊహ మాత్రమేలెండి, ఎవరినీ ఒప్పించాలని లేదు.

బొంతను ఆ తరవాత నేనే పాడుచేశాను. మూడేళ్ళ క్రితం, ఒళ్ళు బద్ధకించి, వాషింగ్ మెషీన్‌లో వేశాను. మధ్యలో జానెడు పొడవున చిరిగింది. ఆ చిరుగులోంచి లోపలి పొర కనిపించింది. తాతయ్య పంచె కాదు, పసుపుపచ్చ పూలచీర. అమ్మ ఆ చీర కట్టుకుని దిగిన ఫొటో ఒకటి మా ఇంట్లో ఉండేది. దాని మీద కుట్లు పైపొర కుట్లలా పొడుగ్గా లేవు, దగ్గర దగ్గరగా, సమంగా ఉన్నాయి. "ఆ లోపలిది నేనే కుట్టాను, పెళ్ళికి ముందు," అంది అమ్మ.

చిరుగు కిందకు నా వెంకటగిరి చదరాన్నే దోపాను, మొదటి నాలుగు వంకర వలయాలతో సహా. ఇప్పుడు దాని చుట్టూ తిరుగుతున్నాను. దారం అమ్మ పాత చీర అంచులోంచి ఊడదీసిన ఎర్రపోగు, రెండు పేటలు. అయిదు వలయాలయ్యాయి. అంచున బట్ట కొంచెం లేస్తోంది. ఇంకో రెండు తిప్పాలి.